ఇనుము లేని కళ్ళెం

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే మా అబ్బాయి రొట్టెల బండి మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నాకు కట్టుడు పళ్ళు పెట్టింది కూడా ఆ వారమే.

"ఒకరు నడవలేరు, ఒకరు నవ్వలేరు. మంచి జోడీ," అన్నది కోడలు.

మర్నాడు రొట్టెల బట్టీ యజమాని వచ్చి మా గుమ్మంలో గొడుగు దులిపాడు. మంచం మీద ఉన్నవాణ్ణి పలకరించి, కట్టు మీద వేలితో కొట్టి చూసి, నాకేసి తిరిగాడు.

"మీవాడు లేచేదాకా బండి ఎవరికివ్వమంటావు పెద్దాయనా? మా బావమరిది ఖాళీగా తిని కూర్చున్నాడు. వాడికిచ్చానంటే ఇక వాడిదే. మళ్ళీ మీవాడు లేచొచ్చి అడిగితే ఇంట్లో మా ఆవిడతో నేను పడలేను."

నేను నోరు తెరిచేలోగా ఎప్పుడూ ఇంకెవరో మాట్లాడేస్తారు. ఆ రోజు కోడలు మాట్లాడింది. లోపల్నుంచి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నేను తోలతానండీ," అన్నది.

"నువ్వా?"

"పుట్టింట్లో మా నాన్న పాలబండి ఆరేళ్ళు తోలాను."

"ఏయ్, ఎప్పుడూ చెప్పలేదే!" అన్నాడు మా అబ్బాయి మంచం మీంచి.

"మీరెప్పుడు అడిగారు గనక?"

యజమానికి నవ్వొచ్చింది. నవ్వాక ఆలోచించాడు. "రొట్టెలు తడవకూడదు. ఆలస్యం కాకూడదు. బజారులో గుర్రం ఎవరి కాలూ తొక్కకూడదు. ఒక్క మాట పడ్డా బండి బావమరిదికే. సరేనా?" అని, వెళ్ళిపోతూ నా భుజం తట్టాడు. "కళ్ళెం నీది. అదొక్కటే నా ధైర్యం."

నేను కళ్ళేలు చేస్తాను. ఇంటి ముందు గదే నా కొట్టు. తోలు పని ఎవరైనా చేస్తారు. గుర్రం నోట్లో ఉండే ఇనపకమ్మి, అసలు పని అది. గుర్రానికి ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య పళ్ళు లేని చోటు ఒకటి ఉంటుంది. కమ్మి ఆనేది అక్కడే. ఎముక మీద పల్చటి చర్మం తప్ప అక్కడ ఇంకేమీ ఉండదు. ఊళ్ళో ఉన్న బండ్లన్నిటికీ నేను చేసిన కమ్ములే. బండ్ల అడ్డాలో గుర్రం బెదిరితే బండివాణ్ణి తిట్టేవాళ్ళు, కళ్ళేన్ని ఎవరూ అనుమానించేవాళ్ళు కారు.

మా నాన్న నాకొక పద్ధతి నేర్పాడు. కమ్మి గుర్రం నోట్లోకి పోయే ముందు చేసినవాడి నోట్లోకి పోవాలి. పళ్ళ మధ్య పట్టుకుని నాలుకతో ఈ చివర నుంచి ఆ చివరకు తడమాలి, అటూ ఇటూ వంచి చూడాలి. కంటికి కనపడనిది, వేలికి తగలనిది నాలుకకు తెలుస్తుంది. నలభై ఏళ్ళు అలాగే చేశాను.

ఆ వానాకాలం చెయ్యలేదు.

*

రొట్టెల బండి గుర్రం బూడిదరంగు ఆడది. కొత్తగా కొన్నది. మా అబ్బాయి తోలేటప్పుడే తల ఎగరేసేది. వాడు దాన్ని పొగరనేవాడు. కోడలు తోలిన మూడో రోజు సాయంత్రం తడిసిన చెప్పులు గుమ్మంలో విడిచి నా ఎదురుగా వచ్చి కూర్చున్నది.

"మావయ్యా, దాని నోరు మరీ సున్నితమండీ. పగ్గం ఇలా ముట్టుకుంటే చాలు, తల ఆకాశంలో పెడుతోంది."

"పొగరే అది," అన్నాడు మా అబ్బాయి. "లాగి పట్టు."

"మీరు లాగి పట్టారు, కిందపడ్డారు. నేను వేరేలా పట్టుకుంటాను."

మర్నాడు బట్టీ వెనక కొట్టంలోకి వెళ్ళి దాని నోరు తెరిచి చూశాను. కోడలు చెప్పింది నిజమే. పెదవి మూలలు కాగితంలా పల్చగా ఉన్నాయి. నాలుక లావు, అంగిలి కిందికి దిగి ఉంది. అంత చిన్న నోట్లో ఇనుముకు చోటెక్కడ? అప్పటిదాకా దానికి తిన్నటి కమ్మి వేసేవాళ్ళం. అది నాలుకను నొక్కేస్తోంది. తీసేసి, మధ్యలో కీలున్నది వేశాను. పగ్గం లాగితే అది రెండుగా మడతపడి అంగిట్లో పొడిచింది. అదీ తీసేసి, లావు కమ్మికి మెత్తటి తోలు చుట్టి వేశాను. లావు కమ్మి మెత్తగా ఆనుతుందని మామూలుగా అందరూ చెప్పే మాట. ఈ గుర్రం నోట్లో మాత్రం నాలుకే ఇరుక్కుని ఉంటే కమ్మి ఎక్కడ పడుతుంది? అది రోజంతా నోరు తెరుచుకునే తిరిగింది. దారంతా సొంగ.

"ఏంటి పెద్దాయనా, గుర్రానికీ నీకూ ఒకేసారి పళ్ళు కట్టారా? ఇద్దరూ నోళ్ళు ఒకేలా పెడుతున్నారు," అన్నాడు అడ్డాలో సోడాబుడ్డి. అద్దాలు మందం కాబట్టి బండివాడొకడికి ఆ పేరు పడింది. చూపు తక్కువైనా నోటికి లోటు లేదు. అందరూ నవ్వారు. నేను పళ్ళు కనపడకుండా నవ్వాను.

ఆ వారమే కోడలు ఒక మధ్యాహ్నం నన్ను కొట్టం దగ్గరికి రమ్మన్నది. గుర్రం నోట్లో ఏమీ లేదు. కొట్టంలో కట్టేసే తలపట్టీ ఉంటుంది కదా, ముక్కు మీదుగా పోయి బుగ్గల దగ్గర రెండు రింగులతో ఉండేది, ఆ రింగులకే పగ్గాలు కట్టింది. బండి ఎక్కి కూర్చుని ఆవరణలో రెండు చుట్లు తిప్పింది. గుర్రం తల దించుకుని, చెవులు ఆడించుకుంటూ నడిచింది. కోడలు వేళ్ళు కదిలినట్టే లేవు. "ఆగమ్మా," అంటే ఆగింది.

"చూశారా? ఇనుము అక్కర్లేదు దీనికి. ముక్కు ఎముక మీద వెడల్పాటి పట్టీ వేసి, లోపల మెత్త పెట్టి మీరు కుట్టిచ్చారంటే..."

"ముక్కుకు కట్టి తోలడానికి అదేమన్నా ఎద్దా?"

"ఎద్దయితేనేం మావయ్యా, నొప్పి లేకపోతే చాలు కదా."

"ఇనుము లేనిది కళ్ళెమే కాదు. పలుపు. రేపు బజారులో లారీ వాడు హారన్ కొడితే దేన్ని పట్టుకుని ఆపుతావు?"

"నోరు నొప్పి పుడుతున్న గుర్రమే కదండీ హారన్‌కు ఎక్కువ బెదిరేది?"

జవాబు లేనప్పుడు నేను వెళ్ళి పనిలో పడతాను. నా చేతుల్లో ఉన్నది ఇనుము పని. ఇనుము అక్కర్లేదని ఇరవై నాలుగేళ్ళ పిల్ల నాకు చెబుతోంది. ఆ మంట నాకు కొట్టుదాకా తగ్గలేదు.

*

మూడు ముక్కల కమ్మి చేశాను. రెండు పక్కలా సన్నటి కమ్ములు, మధ్యలో చిక్కుడుగింజంత బిళ్ళ, రెండు చిన్న కీళ్ళు. పగ్గం లాగితే అది నాలుక మీద ఒదుగుతుంది. అంగిట్లో పొడవదు. అంతకన్నా మెత్తటి కమ్మి నేను జన్మలో చెయ్యలేదు. రెండు రోజులు పట్టింది.

అయిపోయేసరికి కొట్టు నిండా జనం. బయట వాన. బట్టీ యజమాని వచ్చి కూర్చున్నాడు. సోడాబుడ్డి, ఇంకో ఇద్దరు బండివాళ్ళు చూరు కిందకు చేరారు. కోడలు తలుపు దగ్గర నిలబడి ఉంది. కమ్మి నోట్లో పెట్టుకుని చూడాలంటే ముందు కట్టుడు పళ్ళు తియ్యాలి. వాటితో ఇనుము కొరికితే టక్కున పగిలిపోతాయి. అంగిలంతా కప్పేసి ఉంటాయి కాబట్టి నాలుకకు ఏదీ సరిగ్గా తెలియదు కూడా.

"ఏం పెద్దాయనా, రుచి చూడవా?" అన్నాడు సోడాబుడ్డి. "పళ్ళు తీసి నా చేతికియ్యి, పట్టుకుంటాను. కరవవు కదా?"

మళ్ళీ నవ్వులు. యజమాని కూడా నవ్వాడు. నేను బొటనవేలితో కమ్మిని ఆ చివర నుంచి ఈ చివరకు రాశాను. బిళ్ళ మీద రాశాను. నలభై ఏళ్ళు తోలూ ఇనుమూ పట్టిన వేలు అది, సూది గుచ్చినా తెలియదు.

"నున్నగా ఉంది," అన్నాను.

కమ్మిని కోడలికిచ్చాను.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. గుర్రం తల ఎగరెయ్యడం తగ్గిందని కోడలే చెప్పింది. ఐదో రోజు పొద్దున నేను అడ్డాలో ఒకరి జీనుపట్టీ చూస్తున్నాను. సన్నగా వాన పడుతోంది. బట్టీ యజమాని బజారు వైపు నుంచి పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చాడు. వెనకాలే రొట్టెల బండి. బండి మీద కోడలు. గుర్రం నోట్లో కమ్మి లేదు. పగ్గాలు తలపట్టీ రింగులకు కట్టి ఉన్నాయి.

"చూడండయ్యా, అందరూ చూడండి! పిల్లలు బడికి పోయే వేళ, బజారు మధ్యలో, నోట్లో ఏమీ లేకుండా గుర్రాన్ని తోలుకొస్తోంది. ఇది ఎవరినైనా తొక్కితే పోలీసులు ఎవరి ఇంటికొస్తారు? నా ఇంటికా, నీ ఇంటికా?"

"ఎవరినీ తొక్కలేదండీ. రొట్టెలన్నీ వేళకే ఇచ్చాను."

"కమ్మి ఎందుకు తీశావు?"

ఆమె గుర్రం నోటి వైపు చూసింది. యజమాని గుర్రం పెదవి పైకెత్తి, నాలుక పక్కకు లాగాడు. నాలుక మీద చిటికెన వేలంత గాటు. రక్తం గడ్డ కట్టి ఉంది.

"ఇదేంటి?"

అడ్డాలో పది బండ్లు ఉంటాయి. పది గుర్రాల నోళ్ళలోనూ నా కమ్ములే. బండివాళ్ళంతా గాటు చూశారు, తరవాత నన్ను చూశారు. కోడలు కూడా ఒకసారి నన్ను చూసింది. అక్కడున్న ముఖాలన్నీ చూసింది. తరవాత తల దించుకుని యజమానితో, "నా చెయ్యి బరువేమోనండీ. తట్టుకోలేకపోతోందని దారిలో తీసేశాను," అన్నది.

యజమాని నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు చెప్పు పెద్దాయనా. నీ మాటే నా మాట. తేడా కమ్మిలోనా, చేతిలోనా?"

"కమ్మి నేను చేసిందే," అన్నాను.

అంతే అన్నాను. అందులో అబద్ధం లేదు.

"ఇంకేం మరి," అన్నారెవరో వెనక నుంచి.

కోడలు పగ్గాలు చుట్టి యజమాని చేతిలో పెట్టింది. దిగింది. గుర్రం మెడ మీద ఒకసారి చెయ్యి వేసి, వానలో ఇంటికి నడిచింది. గొడుగు నా దగ్గరుంది. పిలవలేదు.

*

నేను ఇల్లు చేరేసరికి మా అబ్బాయి అరుస్తున్నాడు. "లాగి పట్టొద్దు, లాగి పట్టొద్దు అని నాకు నీతులు చెప్పావు! చివరికి నాలుకే కోసేశావు. నెల తిరక్కుండా బండి పోగొట్టావు కదే!" ఆమె కొట్టులోకి వచ్చి, రుమాల్లో చుట్టిన కమ్మిని నా ముందు పెట్టింది.

"పొద్దున దారిలో గాటు చూశానండీ. చూసి కమ్మి తీశాను. బిళ్ళ పక్కన, కీలు లోపల ఏదో గీరుకున్నట్టు అనిపించింది. వానలో చేతులు కొంకర్లు పోయి ఉన్నాయి. నాకే అలా అనిపించిందో ఏమో. వాళ్ళందరి ముందూ ఏం చెప్పను? తీరిగ్గా ఒకసారి చూడండి, మావయ్యా."

చూస్తానన్నాను. ఆ రోజు చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా అబ్బాయి నిద్రపోతున్నాడు. కోడలు పని వెతుక్కోవడానికి వెళ్ళింది. కొట్టు తలుపు దగ్గరికి వేసి, రుమాలు విప్పాను. బొటనవేలితో రాశాను. ఏమీ లేదు. కళ్ళద్దాలు పెట్టుకుని వెలుగులో తిప్పి చూశాను. ఏమీ లేదు. అప్పుడు పళ్ళు తీసి నీళ్ళ గిన్నెలో వేశాను. కమ్మిని చిగుళ్ళ మధ్య పట్టుకుని, నాలుకతో తడుముతూ మెల్లగా వంచాను.

తిన్నగా ఉన్నంతసేపు నున్నగానే ఉంది. వంచగానే కీలు రంధ్రం లోపల నుంచి చేపముల్లంత కొన ఒకటి బయటికొచ్చి నా నాలుకను గీరింది. వదిలేస్తే మళ్ళీ లోపలికి పోయింది. పగ్గం లాగినప్పుడల్లా బయటికొచ్చి, వదిలినప్పుడల్లా దాక్కునే ముల్లు. ఎంత తేలిక చెయ్యి పట్టుకున్నా అది గీరుతుంది. మా అబ్బాయి పట్టుకుని ఉంటే ఆ నాలుక మొదటిరోజే తెగిపోయేది. ఆ పిల్ల చేతిలో కాబట్టి నాలుగు రోజులు ఆగింది.

నోట్లో రక్తం రుచి తగిలింది. ఉమ్మి, కమ్మిని బల్లకున్న బిగింపులో బిగించాను.

నా చేతికి ఆకురాయి ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. ముల్లు తగిలితే ఆకురాయి అందుకోవడం నా చేతికి నలభై ఏళ్ళ అలవాటు. సన్న ఆకురాయి పెట్టి కీలు లోపల నాలుగు రాపిళ్ళు రాశాను. గరుకు కాగితం తిప్పాను. మళ్ళీ నాలుక మీద పెట్టి, వంచి చూశాను. వెన్నలా ఉంది. అప్పుడు గానీ నాకు తట్టలేదు, ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ అరగదీసి నేల మీద పోశానని.

అలవాటు వల్లే అలా చేశానని చాలాసార్లు అనుకున్నాను. ఒక్కోసారి నమ్ముతాను కూడా.

సాయంత్రం కోడలు వచ్చింది. తలుపు దగ్గర నిలబడి, "చూశారా మావయ్యా?" అన్నది.

"చూశాను."

"ఏమైనా ఉందా?"

కమ్మి నా చేతిలోనే ఉంది. "నున్నగానే ఉంది," అన్నాను.

అందులోనూ అబద్ధం లేదు. ఆమె తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నది. "సరేనండీ," అని లోపలికి వెళ్ళిపోయింది.

*

గోనెసంచులు కుట్టే షెడ్డులో కోడలికి పని దొరికింది. పెద్ద సూది, మైనం పట్టించిన పురికొస. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సంచి మూతులు కుట్టడం. నెల తిరిగేసరికి ఆమె వేళ్ళు నా వేళ్ళలాగే తయారయ్యాయి. ఒకరోజు గిన్నె అందిస్తుంటే వేళ్ళు తగిలాయి. చెట్టు బెరడు తగిలినట్టు ఉంది. పక్కింటివాళ్ళ గేదెపిల్ల దగ్గరికొస్తే ఇదివరకు చెవులు నిమిరేది. ఇప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తూ ఉండేది. మా అబ్బాయి కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. భార్యతో ముక్తసరిగా మాట్లాడేవాడు. ఒకరోజు నా ముందే, "నాన్న లాంటి పనివాడు కమ్మి చేసిచ్చినా నిలబెట్టుకోలేకపోయావు," అన్నాడు. నేను భోజనం చేస్తున్నాను. తల ఎత్తలేదు.

బండి బావమరిది చేతికి పోయింది. వాడు పాత తిన్నటి కమ్మి వేసి, వెనక్కి పడుకున్నట్టు కూర్చుని, పగ్గాల మీద వేలాడుతూ తోలేవాడు. మా ఇంటి ముందు నుంచి పోతుంటే గుర్రం నురగలో ఎర్రజీర కనపడేది. నాలుగు రోజులు కిటికీ మూసుకుని పని చేశాను. ఐదో రోజు తోలు కోశాను.

రెండంగుళాల పట్టీ. లోపల గొర్రెతోలు, ఉన్ని గుర్రం ముక్కుకు ఆనేటట్టు. ముక్కు ఎముక అయిపోయి మెత్తటి భాగం మొదలయ్యే చోటుకు నాలుగు వేళ్ళ పైన కూర్చోవాలి. కిందికి జారితే ఊపిరి ఆడదు. దవడ కింద పట్టీ వదులుగా, రెండు వేళ్ళు దూరేటట్టు. బుగ్గల దగ్గర రింగులు. నోట్లో ఏమీ లేదు. కోడలు ఆ రోజు ఆవరణలో చూపించిందే నేను కుట్టాను. ఆమెకు చూపించలేదు. బట్టీకి తీసుకెళ్ళి గుర్రానికి నా చేతులతో కట్టి, బావమరిదితో, "లాగితే ఆగదు. మెల్లగా చెప్పు, ఆగుతుంది," అని మాత్రం చెప్పాను.

వారం తిరిగేసరికి ఊరంతా అదే మాట. గుర్రం గొర్రెపిల్లలా నడుస్తోందట. బావమరిది లాంటివాడు తోలినా తల ఎత్తడం లేదట. బట్టీ యజమాని నన్ను దారిలో ఆపి కౌగలించుకున్నాడు. "ఇనుము లేకుండా కళ్ళెమా! ఈ వయసులో ఏం బుర్రయ్యా నీది! మీ కోడలు తలపట్టీకి పగ్గం కట్టి బజారులో ప్రాణం మీదికి తెచ్చింది. నువ్వు చూడు, ఎంత పద్ధతిగా చేశావో!"

అప్పుడు కూడా నోరు తెరవలేదు. కానీ ఆ మాట ఇంట్లోకి తీసుకుపోలేకపోయాను. గుమ్మందాకా వచ్చినవాణ్ణి, కొట్టులోంచి ఆ మూడు ముక్కల కమ్మి మాత్రం తీసుకుని, వెనక్కి తిరిగి అడ్డాకు వెళ్ళాను.

వాన వెలిసింది. బండివాళ్ళంతా టీ బల్ల చుట్టూ ఉన్నారు. యజమాని కూడా అక్కడికే చేరాడు. నిలబడి మాట్లాడటం నాకు అలవాటు లేదు. నిలబడ్డాను.

"ఆ నాలుక తెగింది నా కమ్మి వల్ల. కీలు లోపల ముల్లుంది. నేను నోట్లో పెట్టి చూడకుండా ఇచ్చాను. మా కోడలి చేతిలో తప్పేమీ లేదు. ఇనుము లేని కళ్ళెం కూడా ఆమె చెప్పిందే."

ఒక్కసారిగా అంత మాట్లాడేసరికి నా పళ్ళు కదిలాయి. చేత్తో నొక్కి పట్టుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

సోడాబుడ్డి లేచి నా చేతిలోంచి కమ్మి తీసుకున్నాడు. వేలితో రాశాడు. వంచాడు. బుగ్గకు రాసుకున్నాడు. పక్కవాడికిచ్చాడు. అది చేతులు మారుతూ బల్లంతా తిరిగింది.

"ఏదీ ముల్లు?"

"ఆకురాయితో అరగదీసేశాను."

వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్ళ ముఖాలు మెత్తబడటం చూశాను. యజమాని లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కోడలి మీద మాట రాకూడదని తప్పు నెత్తినేసుకుంటున్నావా పెద్దాయనా? ఎంత మనిషివయ్యా! మా మామ నా మీద ఈగ వాలినా వాలనీ అని ఊరుకుంటాడు."

"నిజం చెబుతున్నాను."

"చెప్తావు, చెప్తావు. నీ కమ్మిలో ముల్లా?" అన్నాడు సోడాబుడ్డి. అతని గొంతులో వెటకారం లేదు. వెటకారం ఉన్నా బాగుండేది. "ఇలాంటి మామ దొరకాలంటే పెట్టిపుట్టాలి. ఒరేయ్, పెద్దాయనకు టీ ఇవ్వండ్రా! కుర్చీ వెయ్యండి!"

కుర్చీ వేశారు. టీ చేతిలో పెట్టారు. ఇంకోసారి చెప్పవచ్చు. మా అబ్బాయిని పిలిపించి చెప్పవచ్చు. ఒట్టు పెట్టి చెప్పవచ్చు. వాళ్ళంతా నన్ను ప్రేమగా చూస్తున్నారు. నేను కుర్చీలో కూర్చుని టీ తాగాను.

నాకంటే ముందే ఆ కబురు ఇల్లు చేరింది. మా అబ్బాయి గుమ్మంలోనే ఎదురొచ్చి, "ఎందుకు నాన్నా నీకీ అవస్థ? దాని కోసం నువ్వు అందరి ముందూ మాట పడాలా?" అన్నాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. నేను వాణ్ణి దాటుకుని లోపలికి వెళ్ళాను.

కోడలు షెడ్డు నుంచి అప్పుడే వచ్చినట్టుంది. జుట్టు నిండా గోనెపీచు.

"టీ ఇచ్చారట కదా," అన్నది.

"ఇచ్చారు."

"తాగారా?"

"తాగాను."

చెయ్యి చాపింది. జేబులోంచి కమ్మి తీసి ఇచ్చాను. వెలుగు వైపు తిరిగి, బిళ్ళ పక్కన కీలు దగ్గర వంచి పట్టుకున్నది. ఆమె వేళ్ళకు ఇక ఏం తెలుస్తుందని, కళ్ళతోనే చూసింది. మిగతా ఇనుము మసకబారింది. అక్కడ మాత్రం తెల్లటి మచ్చ ఉంది.

"ఇక్కడ ఆకురాయి పడింది," అన్నది. "ఎప్పుడు మావయ్యా?"

"నువ్వు ఇచ్చిన మర్నాడు. మధ్యాహ్నం."

"నేను వచ్చి అడగక ముందా?"

"ముందే."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే తల దించుకుని వినేవాణ్ణి.

"ఇన్నాళ్ళూ నా చెయ్యేననుకున్నానండీ," అన్నది.

కమ్మిని బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపు కడుక్కుంది.